పదమూడో సున్నా

నికులాలో ఆ చలికాలం
నాకప్పజెప్పిన పని సున్నాలు చుట్టడం.

అక్కడ బొమ్మని అద్దానికి వెనకవైపు నుంచి వేస్తారు.
ముందు కనబడాల్సింది ముందే గీయాలి:
కనుపాప, రెప్ప గీత, గడ్డంలో తెల్ల వెంట్రుక.
బంగారం అన్నిటికన్నా ఆఖర్న.
మొహం మూసుకుపోయాక
దాని వీపుకి అతికించేదే వెలుగు.

ఇలిసాఫ్తా అవ్వకి కంపాసు లేదు.
ప్లమ్ సారా తాగే బుల్లి గ్లాసుంది, అంచు కాస్త విరిగింది.
అందుకే ఆమె పరిశుద్ధులందరికీ
చెవి పైన వెలుగు ఒకింత తెగి ఉంటుంది.

"తలకాయలన్నీ ఒక్కలాగే వేస్తాం కదా," అనేది,
"సున్నా లేకపోతే పేతురెవరో, చేపలమ్మేవాడెవరో
పొలం నుంచి వచ్చినవాడికెలా తెలుస్తుంది?
కిరీటం కాదు పిల్లా ఇది, గుర్తు.
మన గొర్రె చెవికి గాటు పెడతామే, అలాంటిది."

ఉప్పుగని అర్సేనియె కడరాత్రి భోజనం కావాలన్నాడు.
బల్ల చుట్టూ తలలు, బుట్టలో గుడ్లలా.
గ్లాసు బోర్లించాను, తిప్పాను. బోర్లించాను, తిప్పాను.
తెల్లారి నల్లగీత ఆరాక
అవ్వ వేలు పెట్టి లెక్కపెట్టింది.
పదమూడు.
సంచీ పట్టుకున్నవాడి తల చుట్టూ కూడా.

నా చెవులు వేడెక్కాయి.
గోకేస్తానన్నాను. గోకితే మొహం కూడా లేచొస్తుందంది.
అటక మీది డబ్బా దింపి రేకులు చూసుకుని
"ఎలాగూ పన్నెండుకే వస్తాయిలే," అంది.
వెల్లుల్లి రసం పూసి, ఆరనిచ్చి,
అద్దానికి నోరు దగ్గరగా పెట్టి హా అంది.
ఆ తడికి రేకు తనంతట తనే వాలి పట్టుకుంది.
పన్నెండు ఊపిర్లు. మధ్యలో ఒక దగ్గు.
పదమూడోదాన్ని వట్టి అద్దంగా వదిలేసింది.

అర్సేనియె ఆదివారం వచ్చాడు, మీసాల్లో మంచు.
చెక్క ఇంకా బిగించలేదు.
ఎక్కడైనా బీటుందేమోనని
అద్దాన్ని రెండు చేతులా కిటికీకి ఎత్తాడు.

బంగారం ఎండని ఆపేసింది.
పన్నెండు తలల వెనకా పన్నెండు మాడిన పెనాలు.
ఒక్క సంచీవాడి చుట్టూ మాత్రం
మంచు మీద పడి లేచిన పొద్దు,
మా కంచె, కంచె మీద కాకి.

కుండలో క్యాబేజీ ఉడుకుతోంది.
అర్సేనియె టోపీ మోచేత్తో తోసి కింద పడేశాడు,
చేతులు ఖాళీగా లేక.
గనిలో అతని తమ్ముడి పేరు ఎవరూ ఎత్తరని
అవ్వ తర్వాతెప్పుడో చెప్పింది.
అంతకుమించి చెప్పలేదు.

"చెక్క బిగిస్తే పోతుంది," అందామె.
"తెలుసు," అన్నాడు.
ఇంకాసేపు అలాగే పట్టుకున్నాడు.

తర్వాత దేవదారు పలక, నాలుగు మేకులు.
తిప్పి చూశాం. పన్నెండూ భగ్గుమన్నాయి.
పదమూడో సున్నాలో
చెక్క గణుపొకటి,
ఈమధ్యే కొట్టిన చెట్టుదేమో,
ఇంకా జిగురు కారుతోంది.