నూట పన్నెండో మెట్టు

చిట్టినగర్ కొండ మీద మా ఇంటికి
నూట నలభై మెట్లు.
నూట పన్నెండో మెట్టు దగ్గర సిగ్నల్ బాగా అందుద్ది.
నా యూనివర్సిటీ అదే.

రాత్రి పదింబావుకి షట్టర్ దించాక
పంజా సెంటర్ మీదుగా షేరాటోలో వచ్చి
యూనిఫాం చీర కుచ్చిళ్లు ఎగదోపి
చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కి
ఆ మెట్టు మీద కూలబడతాను.
పొద్దున తొమ్మిదిన్నర తర్వాత
కూర్చోవడం అదే మొదలు.

ఇయర్‌ఫోన్‌లో ఎడమ చెవి ఒక్కటే పనిచేస్తుంది.
అందులోంచి పూణే మేడమ్.
ఎంబీఏ రిటైల్, రెండో సెమిస్టర్, నాలుగో యూనిట్.
ఎప్పుడో రికార్డు చేసిన పాఠం,
ఆవిడ ఎప్పుడూ అదే నీలం కుర్తాలో ఉంటుంది.
కంటి ఎత్తులో పెట్టిందే ముందు అమ్ముడవుతుంది అంటుంది
చాలా రహస్యం చెప్పినట్టు.

నాకు నవ్వొస్తుంది.
బీసెంట్ రోడ్డులో మా కొట్లో
మరియదాసు బాబాయి పదో క్లాసు తప్పాడు.
పెళ్లి బట్టలకి జనం లోపలికొస్తే
ముందు పెద్దావిడ మెడ చూస్తాడు, తర్వాత చెప్పులు,
అప్పుడు చెబుతాడు ఏ బీరువా తియ్యాలో.
అడిగిన ధర్మవరాలన్నీ పరిచి
వాటి మీద ముదురాకుపచ్చ చీర ఒకటి
పొరపాటున జారినట్టు పడేస్తాడు.
ఆ పొరపాటుకే బిల్లు రాస్తాం.
దీనికి మా పుస్తకంలో పేరుంది బాబాయ్ అంటే
"పేరుంటే జీతం పెరుగుద్దా?" అన్నాడు.

డెడ్ స్టాక్ పాఠం రోజున మాత్రం నవ్వు రాలేదు.
తొంభై రోజులు కదలనిది,
చోటు తినేది,
ముందు వరసలోంచి వెనక్కి జరపాల్సింది...
మేడమ్ చెప్పుకుపోతుంటే
నాకు కమలాక్షక్క కనపడింది.
నలభై ఏడేళ్లు. పిక్కల మీద నీలం నరాలు ఉబ్బి
తీగల్లా అల్లుకున్నాయి.
పట్టు సెక్షన్ నుంచి
మూడో అంతస్తు లోలంగాలకి మార్చి ఏడాదవుతోంది.
నోట్సులో ఆ మాట రాయలేదు.
పరీక్షలో వస్తే వదిలేస్తాను.

తర్వాత అసైన్‌మెంట్:
మీకు తెలిసిన దుకాణానికి ప్లానోగ్రామ్ గీయండి, పదిహేను మార్కులు.
పాప దగ్గర గ్రాఫ్ కాగితం, స్కేలు అప్పు తీసుకుని
ఆదివారం వంట ఆలస్యం చేసి గీశాను.
గుమ్మం, ఏసీ గాలి మొదట తగిలే చోటు,
పట్టు గోడ, నిలువుటద్దాలు,
విసుగుపడే మొగుళ్లకి సోఫా,
కూల్‌డ్రింకుల ట్రే వచ్చే దారి,
కంచిపట్టు కట్టుకున్న బొమ్మకి నాలుగడుగుల తావు,
అది పడిపోకుండా వీపు వెనక ఇనప ఊచ.
లక్ష్మీదేవి పటం, ఏడు కెమెరాలు.
అన్నీ పట్టాయి.
మేం పద్నాలుగు మందిమి ఎక్కడా రాలేదు.
సరుకైతే కదా రావడానికి.

కౌంటరు వెనక, పట్టు గోడ కింద
ఖాళీ వెతికి
చిన్న చదరం గీశాను.
అడుగు పొడవు, అడుగు వెడల్పు.
పేరు పెట్టలేదు.

పదిహేనుకి పన్నెండొచ్చాయి.
దిద్దిందెవరో తెలీదు, ఎర్ర అక్షరాలు మాత్రం ఉన్నాయి:
"ఈ గడికి లేబుల్ లేదు. ఇక్కడ ఏ సరుకు పెడతారు?"

మర్నాడు స్టాకు మార్కు చేసే సుద్దముక్కతో
కౌంటరు వెనక గచ్చు మీద
అదే కొలతతో గీసి చూశాను.
బిల్లు కాగితం కోసం కిందికొచ్చిన కమలాక్షక్క
అందులో నిలబడి,
"తొక్కుడుబిళ్లా ఏంటే?" అంది.
మధ్యాన్నానికి తడిగుడ్డ పెట్టి తుడిచేశారు.

జవాబుకి రెండొందల అక్షరాలిచ్చారు.
స్టూలు, అని కొట్టాను.
మిగతా నూట తొంభై చిల్లర
ఏం చెయ్యాలో తోచలేదు.

పై నుంచి రామసుబ్బులత్త బిందెతో దిగుతూ
"పక్కకి జరుగమ్మాయ్, చదువుల తల్లీ" అంది.
జరిగాను.
రేపట్నుంచి ఆషాఢం సేలు, తొమ్మిదింటికే తెరుస్తారు.
ఇంకా ఇరవై ఎనిమిది మెట్లున్నాయి.
కాసేపుండి లేస్తాను.