తొమ్మిదికీ పదికీ నడుమ

మత్రా రేవులో పాత గోదాం ఖాళీ చేస్తుంటే
ఇనుప బల్ల సొరుగులో దొరికిందొక కొలబద్ద.
నడుమ నాలుకలా జారే ఇంకో పట్టీ,
పైన గాజుబిళ్ళ, బిళ్ళలో వెంట్రుకంత గీత.

"ఎవడో తాగి గీసిండు బై" అన్నాడు పోశెట్టి.
వడ్రంగి కన్ను వానిది, నూలుపోగు తేడా ఓర్వదు.
"ఒకటికి రెంటికి బెత్తెడు సందిచ్చి
తొమ్మిదికి పదికి గోరంతనే ఇచ్చిండు."

తప్పు కాదది అని చెప్పడానికి
నాకు రెండు శుక్రవారాలు పట్టింది.

నాలుగు వందల ఏళ్ళ కింద, స్కాట్లాండు చలిలో
నేపియర్ అనే దొర బురుజెక్కి తలుపేసుకున్నాడు.
పంట పెరగాలని పొలంలో ఉప్పు వేయించాడట
("ఉప్పా?" గోదాం గోడని గోటితో గీకి
రాలిన తెలుపు చూపించాడు పోశెట్టి).
ఊరు మంత్రగాడంది. లోపల జరిగింది లెక్క.
ఇరవై ఏళ్ళు.
చుక్కలు చూసేవాడికి, ఓడ నడిపేవాడికి
హెచ్చవేతల మూట దించుదామని
ఒక్కో అంకె పక్కన దాని నీడ రాసుకుంటూ పోయాడు.
నీడల్ని కూడితే చాలు,
అసలు అంకెలు హెచ్చినట్టే.

పోయే ఏడు ఇంకో పనిముట్టు చెప్పిపోయాడు:
ఎక్కాలు చెక్కిన పుల్లలు. ఎముకలని పేరు.

ఎముకలనగానే లేచాడు పోశెట్టి.
ప్యాకింగ్ పెట్టెల ప్లైవుడ్ కోసి పది పుల్లలు,
అంచులు గరుకు కాగితంతో నున్నగా.
పద్నాలుగో నంబరు గదిలో, బంకుబెడ్డు మీద
ఆరు, రెండు, ఐదు పక్కపక్కన పేర్చాం.
గంటకి ఆరు వందల ఇరవై ఐదు బైసాలు,
నలభై ఏడు గంటల ఓటీ.
నాలుగో వరస, ఏడో వరస, ఏటవాలు గళ్ళు.
ఇరవై తొమ్మిది చుక్క మూడు ఏడు ఐదు.
చీటీలో ఇరవై నాలుగు.

జరీన్ గుల్ తన చీటీ తెచ్చాడు.
కుంజుమోన్ మూడు నెలలవి తెచ్చాడు, మడతలు విప్పలేక విప్పుతూ.
పుల్లలు అరిగేదాకా ఆడించాం.
అందరికీ ఐదుకి అటూ ఇటూ.

అప్పుడు చెప్పాను, ఆ దొర గురించి చెప్పుకునే కోడి కథ.
ఇంట్లో దొంగతనమైతే నౌకర్లని ఒక్కొక్కరినే
చీకటి గదిలోకి పంపి పుంజుని నిమరమన్నాడట,
దొంగ తాకితే కూస్తుందని.
పుంజుకి ముందే దీపపు మసి పూసి ఉంచాడు.
తాకడానికి జంకినవాడి చెయ్యి తెల్లగా తేలింది.

పోశెట్టి నవ్వలేదు.
తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు: జిగురు, రంపపు పొట్టు.
జరీన్ గుల్‌వి గ్రీజు. నావి బాల్‌పెన్ సిరా.
పొద్దున ఆఫీసు కిటికీలోంచి చీటీలు అందుకుంటూ
అకౌంటెంటు చెయ్యి ఒక్కటి చూశాం, అందరం ఒకేసారి.
ఎంత శుభ్రంగా ఉందో.
"కంప్యూటర్ పొరపాటు" అన్నాడు.
పోశెట్టికి మాత్రం సరిచేశారు, మిగతావాళ్ళకి వచ్చే నెల అన్నారు.
వచ్చే నెల ఇంకా రాలేదు.

కొలబద్ద నా దిండు కింద ఉంది.
గాజుబిళ్ళ జామైంది, లోపల ఉప్పు పేరుకుని.
మొదటి ఏడాది ఆర్మూరు నుంచి ఇక్కడికి
ఎంత పొడుగో నాకు తెలుసు, బెత్తెడు.
ఇది తొమ్మిదోది.
మొన్న రంజాను, నిన్న రంజాను, మళ్ళీ నెలవంక అంటున్నారు.
వడ్రంగిని అడిగాను, ఈ గోరంత సందులో
ఏమైనా పడుతుందా అని.

"మేకు పడ్తది" అన్నాడు,
పుల్లలకి చిల్లు వేసి తాడు గుచ్చుతూ.