కదలిక లెక్క

ఏనుమాముల యార్డు వెనుక, మిర్చి గోదాంల
రేకుల కింది దూలానికి వెబ్‌క్యాం కట్టిన, సుత్లీతోని.
వీరేశం సేటు చెప్పింది ఒక్కటే మాట:
"ఏది కదిలినా నా ఫోను మోగాలె."

మోగింది. మొదటి రాత్రే నూటపద్నాలుగు సార్లు.
గోనెసంచి మీద పాకే పురుగుకు మోగింది,
కరెంటు ఊగి ట్యూబులైటు రెప్ప కొడితె మోగింది,
ఎగ్జాస్టు ఫ్యాను సందుల్నుంచి పొద్దు జారి
తేజ బస్తాల మీద పడ్డా మోగింది.
తెల్లారి చూస్తె సేటు కండ్లు
చపాట కాయల లెక్క ఉబ్బి ఉన్నయి.

కంప్యూటరుకు మనిషి తెల్వది.
ఇప్పటి బొమ్మల నుంచి ఇందాకటి బొమ్మను తీసేస్తది,
మిగిలిందే దానికి లోకం.
మూడు లక్షల ఏడువేల చుక్కలల్ల
ఎన్ని మారితె కదలిక అనాలె?
ఎంత మారితె మారినట్టు?
ఆ రెండు అంకెలు నా మీద పడేసి
అది చేతులు దులుపుకున్నది.

ఐదు పెడితె దుమ్ము గూడ దొంగే.
అరవై పెడితె దొంగ గూడ దుమ్మే.
నడుమ ఎక్కడనో ఒక అంకె ఉంటది,
కూరల ఉప్పు లెక్క, నాలుక మీద ఏస్కుంటెనే తెలుస్తది.

నలభై పెట్టిన. ఫోను సల్లబడ్డది.
సేటు సంబురపడి
"ఇగ ఓదేలు ఎందుకు, దండుగ" అన్నడు.

ఓదేలు అంటె వాచ్‌మెన్. పదహారేండ్ల సంది
తలుపు పక్క ఇనుప కుర్చీల.
స్క్రీను మీద వెతికిన. కుర్చీ ఉన్నది, తువ్వాల ఉన్నది,
ఆయన చుట్టు ఎర్ర గీత లేదు.
కదలకుంట కూసునేటోన్ని
నా ప్రోగ్రాం మెల్లమెల్లగ గోడల కలిపేస్తది.
రెండు నిమిషాలు చాలు.
అట్లనే రాయాలెనని నేర్చుకున్న, అట్లనే రాసిన.

"ఏం బిడ్డా, నేను పడుతున్ననా అండ్ల?"
అబద్ధం చెప్పరాలే. కీబోర్డు దిక్కు చూసిన.

ఛాయ్‌కని లేచి పోయిండు.
గేటు దాటినంక గూడ ఫోను మోగుతనే ఉన్నది.
ఖాళీ కుర్చీ చుట్టు ఎర్ర గీత, లోపట తెల్లటి మచ్చ,
తల, భుజాలు, మోకాళ్లు,
సరిగ్గ ఆయన కొలతకు కత్తిరించినట్టు.
ఉన్నన్ని రోజులు గోడ అన్నది
లేచిపోతె మనిషి అంటున్నది.

ఫోన్ల సేటు అరుస్తున్నడు: "కుర్చీల ఎవడు?"
"ఎవలు లేరు."
"ఎవలు లేనిది ఎందుకు మోగుతది?"
ఏమని చెప్త.

ఆ రాత్రి అంకెను దించుకుంట కూసున్న.
ముప్పై. ఇరవై ఎనిమిది. ఇరవై రెండు.
మిర్చి ఘాటుకు ఓదేలు దగ్గిండు.
బస్తాలన్ని బస్తాలే,
ఆయన చుట్టు మాత్రం గీత ఎలిగి ఆరింది.
ఆడ ఆపిన.

అంకె పక్కన, మిషను చదవని వరుసల
రెండు ముక్కలు రాసి మూసిన:
ఈడ మనిషి కూసుంటడు.
పురుగులొస్తె రానీ.