ఏది ముందు చల్లారితే అది

లక్కీ డ్రాలో తగిలింది, శాండ్‌విచ్ మిషను.
గుణుపురంలో మా వీధికి బ్రెడ్డు బండి లక్ష్మివారమే వస్తుంది,
తక్కిన ఆరు రోజులూ దీన్ని ఊరికే కూచోబెడతానా?

రాత్రి మిగిలిన ఇడ్లీ పెట్టాను: అణిగింది, కరకరలాడింది.
చోడిపిండి ముద్ద, అంచులకు నువ్వులనూనె.
పక్కింటి కుంతల దాన్ని మాండియా అంటుంది,
తనదీ ఓ ముద్ద తెచ్చి పక్కన పెడుతుంది.
చిలగడదుంపకి మాత్రం మూత నొక్కకూడదు,
దాని బరువుకి అదే దిగాలి.

మొన్న మడతబందు ఊడింది.
పొత్రం ఎత్తి మీద పెట్టాను.
సగంలో కరెంటు పోయింది.
పోతే పోయింది, ఇనుము ఇంకా కాలుతూనే ఉంది,
కుంతల చీకట్లో పళ్లెం పట్టుకునే నిలబడింది.

మూత తీసి వేలితో తడిమితే
రెండింటికీ అవే చారలు.
నాదేది, అంది ఒడియాలో.
ఏది ముందు చల్లారితే అది, అన్నాను తెలుగులో.