కిటికీ గట్టు మీద అల్యూమినియం

రౌఫాస్‌లో నవంబరు. మూడున్నరకే చీకటి.
బొటనవేలంత ముక్కని కిటికీ గట్టు మీద పెట్టి
పక్కనే చీటీ అంటించింది టురిద్:
‘కదపకండి. ముదురుతోంది.’

కొలిమిలోంచి తీసి నీళ్ళలో ముంచిన పూట
అది మెత్తన, వంచితే మాట వినేంత.
ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యకుండానే
లోపల మెగ్నీషియం సిలికాన్‌ని వెతుక్కుంటుంది.
కిక్కిరిసిన బస్సులో ఒకే ఒక్క ఖాళీ సీటు,
ఒకరు జరిగితే ఖాళీ అటు జరుగుతుంది.
అంతే, లోహం గట్టిపడడమంటే.

ఎవరు ఎవర్ని ఎంత లాగుతారో
పాత పద్ధతిలో కడితే
నూరు పరమాణువులకి ఒక పగలూ రాత్రీ.
అలాంటి లెక్కలు నాలుగు వేలు చూపించి
యంత్రానికి నేర్పింది.
ఎక్కాలు కాదు; మూత తియ్యకుండానే
అన్నం ఉడికిందని చెప్పే చేతివాటం.

ఇప్పుడు తెర మీద లక్ష చుక్కలు వణుకుతున్నాయి.
రాత్రంతా పరిగెత్తి అవి గడిపింది
సెకనులో కోటి వంతైనా కాదు.
గట్టు మీది ముక్క మాత్రం
తీరిగ్గా గురువారంలోకి వచ్చేసింది.

రెండూ పదికి పరుగు ఆగింది.
మూడు సిలికాన్లు, రెండు ఖాళీలు
ఒకే మూలన గుమిగూడిన చోట ఎర్రగీత:
ఇలాంటిది నాకెప్పుడూ చూపలేదు.
ఏదో ఒకటి చెప్పగలను. నమ్మకండి.

టురిద్‌కి నవ్వొచ్చింది.
ఇరవై ఏళ్ళ మీటింగుల్లో
ఈ మాట అన్నవాడు ఒక్కడే, టెస్టింగ్ షెడ్డు హల్వార్.

ఆ మూలకి పాత లెక్కే కట్టించి
మళ్ళీ నేర్పి, మళ్ళీ పరిగెత్తించింది.
ఒక్కో గెంతుకి ఎంత గట్టు దాటాలో యంత్రం చెప్పింది,
వారం సంగతి ఆమె లెక్కగట్టింది.
గట్టిదనం: ఎనభై ఒకటి.

సోమవారం హల్వార్ వజ్రపు మొన దించాడు,
చిన్న గుంట. అద్దంలోంచి కొలిచాడు.
డెబ్బై ఆరు.
పక్కన ఇంకోటి. డెబ్బై ఆరే.

కాఫీ చల్లారింది. ఎవరి యంత్రాన్ని
ఎవరు ముందు అనుమానించాలి?

‘నీ లెక్కలో గది వేడి ఎంత?’
‘ఇరవై. ఎప్పుడూ ఇరవయ్యే.’

అతను లేచి వెళ్ళి
గట్టు మీద అరచెయ్యి ఆనించాడు.
చీటీ అంచు సన్నగా అల్లాడుతోంది.
చెక్కకీ గాజుకీ మధ్య సందులోంచి
వారం రోజులుగా నవంబరు లోపలికొస్తోంది.

జేబులోంచి థర్మామీటరు తీసి
ముక్క ఉన్న చోటే పెట్టాడు.
ఇద్దరూ నిలబడి చూశారు,
పాదరసం దిగేదాకా.

చెమర్చిన గాజు మీద
టురిద్ వేలితో రాసింది: పదకొండు.