ఆదివారం ఆరేసిన బట్టలు

మా లూయిస్ దీవిలో ఆదివారం
గాలికి కూడా పని చెప్పం.
మగ్గం మీద దుప్పటి కప్పేస్తాం.
బంగాళాదుంపల తొక్క శనివారమే తీసి పెట్టుకుంటాం.
ఏ ఇంటి తీగ మీదా
ఒక్క జేబురుమాలైనా వేలాడదు.

టోర్క్విల్ మెకాలే ఒక్కడే
సరిగ్గా చర్చికి ఎదురుగా,
సరిగ్గా మేం లోపలికి వెళ్లే వేళకి
బట్టలు ఆరేస్తాడు.
ముప్పై ఏళ్లు ఓడ ఇంజన్ల కింద పాకిన మనిషి.
గురువారం గురువారం పత్రికలో ఉత్తరం:
"అడుగు నుంచి పొగగొట్టం దాకా వెతికాను.
ఎవడూ లేడు. ఉన్నది ఆవిరి, నూనె, మనం."

సంఘపెద్దలు నా వైపు తిరిగారు.
ఫిన్లే, నీకు మాటలొచ్చు,
నువ్వే జవాబు రాయి.

మగ్గం తొక్కుతూ రాశాను.
నాడె ఇటు వస్తే నా మాట,
అటు పోతే అతని మాట.
పదకొండు గజాల ఉన్ని బట్ట నేసేసరికి
పదకొండు జవాబులు.
అన్నిట్లో నేనే గెలిచాను.
ఎదుటివాడు లేని కుస్తీలో
ఓడేదెవడు?

ఒకటి మరీ బాగా కుదిరింది:
"కొడుకు సముద్రంలో పోయాడు, పాపం,
దేవుడి మీద అలిగాడు."
జాలి పూత పూసిన కత్తి అది.
కవరులో పెట్టి
నాలుకతో తడిచేసి అంటించాను.

ఆ ఆదివారం పడమర నల్లబడింది.
వారం కిందటే అతని మోకాలికి ఆపరేషను.
చంకకర్రతో ఎలాగో ఆరేయగలిగాడు,
పరుగెత్తి తీయలేడు.
గుమ్మంలో నిలబడి వానని తిడుతున్నాడు,
లేని దేవుణ్ణి కాదు, వాననే.

లోపల కీర్తన ఎత్తుకున్నారు.
నల్ల సూటులో నేను గేటు దగ్గర.
చేతులు నన్నడగలేదు.
దుప్పట్లు, చొక్కాలు, మడమ చిరిగిన మేజోళ్లు,
చిట్టచివర
ఒక నీలం స్వెట్టరు, పదేళ్ల పిల్లాడి కొలత.
ఆ ఇంట్లో అది పట్టేవాళ్లెవరూ లేరు.

నా చూపు ఎక్కడ ఆగిందో చూశాడు.
"తప్పు లెక్క వేయకు ఫిన్లే.
వాడు పుట్టకముందూ నేను నమ్మలేదు.
నా దుఃఖం నాది. నా లెక్క నాది.
ఒకదానికి ఇంకోటి అతుకెయ్యకు."

చినుకులు బుట్టలో పడుతున్నాయి.
"నేను నమ్ముతాను టోర్క్విల్" అన్నాను.
"వాడి పెట్టె మోసిన రోజూ నమ్మాను.
ఎలాగని అడగకు,
ఆ రోజు నాకే తెలియలేదు."

టీ తాగి వెళ్లమనలేదు.
"ప్రసంగానికి ఆలస్యమవుతోంది, వెళ్లు" అన్నాడు.

గురువారం పత్రిక వచ్చింది.
ఎప్పటి పదునే. చివర్న ఒక చురక:
"విశ్రాంతి దినాన నా బట్టలు తీసిన సంఘపెద్ద మీద
చర్చి ఏం చర్య తీసుకోబోతోంది?"

తీసుకుంది. బల్ల చుట్టూ అయిదుగురు.
"గుంటలో పడ్డది ఎద్దు కాదుగా,
తడవబోయింది లోదుస్తులేగా"
అని కెన్నెత్ మోరిసన్.
"అవన్నీ సరే, నిన్ను రాయమన్న జవాబేదీ?"
అని పాస్టరు.

ఆ కవరు ఆదివారం రాత్రే
పొయ్యిలో, పీటు గడ్డల మధ్య
బూడిదైంది.

ఏం చెప్పాలో తోచక
కోటు జేబులో చెయ్యి పెట్టాను.
రెండు చెక్క క్లిప్పులు.
ఉప్పుగాలికి నల్లబడి, తడికి ఉబ్బి,
దేన్నో పట్టుకుందామని
ఇంకా పళ్లు బిగించే ఉన్నాయి.

రేపు వెళ్లి ఇచ్చి రావాలి.
తలుపు తీస్తాడో లేదో.
తీస్తే వాదన తప్పదు.
మంచిదే.
ఈసారి అటు వైపు నుంచి నాడె
అతనే విసరాలి.