మూడో గడి

నా లాగ్‌బుక్కులో ప్రతి పేజీకీ మూడు గడులు:
చూశాను, సాయం చేశాను, చేశాను.
మూడోదాంట్లో మొదటి పేరు
మార్చి ఇరవై అయిదున రాయాలి.

కొత్తపట్నం వాయల పోలయ్య.
వల లాగీ లాగీ గజ్జల్లోకి దిగిన హెర్నియా.
"ఈసారి కత్తి నీది" అన్నారు సుగుణాకర్ సారు.
ఆ రాత్రి హాస్టల్లో కుర్చీ చేతికి
నల్ల పట్టుదారంతో ముడి మీద ముడి.

తెల్లారి థియేటర్‌కి తాళం.
'అత్యవసరం కాదు' అని కేసుషీటు మీద రాసి
ఆయన్ని ఇంటికి పంపింది నా చెయ్యే.

తర్వాత ఈ చేతులు ఏం నేర్చాయంటే
ముక్కులో పుల్ల తిప్పడం.
సిలిండర్ మెడ బిగించడం.
రోహిణి కార్తె ఒంగోల్లో సూటు విప్పి
బూట్లలోంచి నా చెమట నేనే ఒంపుకోవడం.
ఫోన్లో "అమ్మా, మీ ఆయన..." అన్నాక
ఎంతసేపు ఆగాలో.
ఏ పొర కింద ఏ పొరో
పుస్తకం మీద వేలు పెట్టి చదివేదాన్ని.
కళ్ళకి గుర్తుంది, వేలు మరిచిపోయింది.

రెండో వేసవి. పదిహేడో మంచం.
సూటు మీద స్కెచ్‌పెన్నుతో రాసిన నా పేరు
కూడబలుక్కుని, మాస్కులోంచి నవ్వాడు పోలయ్య:
"నా ఆపరేషనమ్మవు గదా!"
హెర్నియా అలాగే ఉంది, తువ్వాలుతో బిగించి కట్టుకున్నాడు.

రెండు జతల గ్లోవులతో
మంచం కమ్మీకి దారం కడుతున్నాను, నిద్ర ఆపుకోడానికి.
చాలాసేపు చూసి
"అది జారద్ది" అన్నాడు.
"రెండో మెలిక ఎదురు తిప్పాల. మా వలలకి అంతే."
సూది గుచ్చిన చేత్తోనే వేసి చూపించాడు.
లాగాను. రాలేదు.

ఎనిమిది చావుపత్రాలు రాసిన వారం అది.
ఆయనది రాయలేదు.

థియేటర్ తెరిచారు.
ఒక్క బల్ల చుట్టూ మూడు బ్యాచులం,
తిరణాల్లో రంగులరాట్నం దగ్గర పిల్లల్లాగ.
నాలుగు నెలల్లో పరీక్షలు.
"చూపించండి మేడమ్" అంటారు జూనియర్లు.
ఏం చూపను?

పోలయ్య పేరు మళ్ళీ బోర్డు మీద.
"సార్, మీరు ఎదురుగా నిలబడండి" అన్నాను.
అడగడానికి సిగ్గుపడలేదు.
పడ్డాను.

నడుం కిందే మత్తు, మనిషి మెలకువగానే ఉన్నాడు.
చర్మం తెరిచాను. పొర. ఇంకో పొర.
పుస్తకంలో లేనంత వెచ్చగా.
మెష్ పరిచి, మొదటి ముడి వేసి,
కత్తెర అడిగాను.

ఆకుపచ్చ తెర అవతల్నించి గొంతు:
"రెండోది ఎదురు తిప్పినావా అమ్మా?"

సారు నా వేళ్ళకేసి చూశారు.
కత్తెర వెనక్కిచ్చేసి
ముడి విప్పాను.